రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి నుంచి విదేశీ యూనివర్సిటీకి: మొదటి కాగితం నుంచి విమానం ఎక్కేదాకా

"ఏ దేశం మంచిది?" అని అడిగేవాళ్లే ఎక్కువ. జవాబు చెప్పే ముందు నేను తిరిగి రెండు అడుగుతాను. పదో తరగతి సర్టిఫికెట్‌లో పేరు ఎలా పడింది? ఇంటి పట్టా ఎవరి పేరున ఉంది? ఒడిశా సరిహద్దు జిల్లాల్లో మన తెలుగు పిల్లలు మార్కుల దగ్గర ఆగిపోవడం పెద్దగా చూడలేదు. కాగితాల దగ్గర ఆగిపోవడం మాత్రం ఏటా చూస్తున్నాను.

మా మేనల్లుడికి ఏప్రిల్‌లో అడ్మిషన్ వచ్చింది. ఇంటి పట్టా చనిపోయిన తాతగారి పేరునే ఉంది. అది వాళ్ల నాన్న పేరుకు మారి, బ్యాంకు లాయర్ సరేనని లోన్ చేతికొచ్చేసరికి సెప్టెంబర్ క్లాసులు మొదలైపోయాయి. జనవరిలో వెళ్లాడు. ఆ నాలుగు నెలలూ ఇంట్లో ఎవరికీ సరిగా నిద్ర లేదు. అందుకే ఈ వరస కాగితాలతో మొదలవుతుంది, దేశంతో కాదు.

క్లాసులు మొదలయ్యే నెల నుంచి వెనక్కి లెక్కపెట్టుకోండి:

- 18 నెలల ముందు: పేర్ల సవరణ, పాస్‌పోర్ట్, పట్టా పనులు
- 14 నుంచి 12 నెలల ముందు: ఇంగ్లిష్ పరీక్ష, యూనివర్సిటీల జాబితా
- 12 నుంచి 8 నెలల ముందు: అప్లికేషన్లు
- 6 నుంచి 4 నెలల ముందు: లోన్ మంజూరు, ఫీజు డిపాజిట్
- 3 నెలల ముందు: వీసా

## 1. ముందు పేరు సరిచూసుకోండి

ఒక సాయంత్రం ఇంట్లో చాప మీద అన్ని కాగితాలూ పరవండి. పదో తరగతి సర్టిఫికెట్, ప్లస్ టూ మార్క్‌షీట్, డిగ్రీ మార్క్‌షీట్లు, ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్. అమ్మానాన్నల ఆధార్, పాన్ కూడా తీయండి. పెన్సిల్‌తో ఒక్కో పేరునూ అక్షరం అక్షరం చదవండి.

మేం అలా పరిచినప్పుడు కనిపించింది ఇది. ఆధార్‌లో వెంకటరమణ. పదో తరగతి సర్టిఫికెట్‌లో బెంకట రమణ. ఒడియాలో 'వ' పలకాల్సిన చోట 'బ' రావడం మామూలే. స్కూల్లో చేర్చుకున్న రోజు రిజిస్టర్‌లో ఒడియాలో రాసినదాన్ని తర్వాత ఎవరో ఇంగ్లిష్‌లోకి ఎక్కించారు, వి పోయి బి వచ్చింది. లక్ష్మి ఒకచోట ఎక్స్‌తో, ఇంకోచోట కె ఎస్ హెచ్‌తో ఉంటుంది. ఇంటిపేరు మనకు ముందుంటుంది, ఒడియా స్కూల్లో వెనక్కి పోతుంది. ఆంధ్ర కాలేజీలో చదివితే ఇంటిపేరు ఒక్క అక్షరంగా కుదించుకుపోతుంది.

ఇక్కడ వాడాల్సిన సూత్రం ఒక్కటే. పదో తరగతి సర్టిఫికెట్‌ను పునాదిగా పెట్టుకుని మిగతావాటిని దానికి సరిపెట్టండి. ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా మార్చడం తేలిక. బోర్డు సర్టిఫికెట్ మార్చడం కష్టం.

పదో తరగతి సర్టిఫికెట్‌లోనే తప్పు ఉండి, ఆ పేరుతో బతకలేమనిపిస్తే, చదివిన స్కూల్ హెడ్మాస్టర్ ద్వారా కటక్‌లోని సెకండరీ బోర్డుకు అర్జీ పెట్టాలి. ప్లస్ టూ సర్టిఫికెట్ భువనేశ్వర్‌లోని కౌన్సిల్‌ది కాబట్టి దానికి వేరే అర్జీ. ఇవి నెలల తరబడి సాగే పనులు. ఒక్క అక్షరం తేడా అయితే నా సలహా: బి ఉంటే బి తోనే వెళ్లిపోండి. పేరు మీదేనని మీకు తెలుసు, యూనివర్సిటీకి కావాల్సింది అన్నిచోట్లా ఒకేలా ఉండటం.

సరిచూసుకోవాల్సినవి:

- పేరు, ఇంటిపేరు అన్నిచోట్లా ఒకే అక్షరాలతో ఉన్నాయా
- పుట్టిన తేదీ అన్నిట్లోనూ ఒకటేనా
- మీ సర్టిఫికెట్లలో అమ్మ, నాన్న పేర్లు వాళ్ల ఆధార్‌తో కలుస్తున్నాయా (లోన్ దగ్గర ఇది అడ్డం వస్తుంది)

## 2. పాస్‌పోర్ట్

పేర్ల పని తేలాకే పాస్‌పోర్ట్‌కు వెళ్లండి. ముందే తీసుకుంటే మళ్లీ మార్పించుకోవాల్సి వస్తుంది.

2018 నుంచి దేశంలో ఎక్కడి పాస్‌పోర్ట్ కేంద్రంలోనైనా అప్లై చేయవచ్చు. రాయగడ వాళ్లకు భువనేశ్వర్ అంటే రాత్రంతా రైలు ప్రయాణం, విశాఖపట్నం అంతకంటే చాలా దగ్గర. చిరునామా ఒడిశాదే రాయండి. పోలీస్ వెరిఫికేషన్ ఆ చిరునామాకే వస్తుంది. మామూలు 36 పేజీల పుస్తకానికి ఫీజు 1,500 రూపాయలు, తత్కాల్‌కు ఇంకో 2,000.

ఇంటిపేరును పొడి అక్షరంగా రాయకండి, విడమరిచి పూర్తిగా రాయాలి. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేస్తే అమెరికా వీసాలో మీ పేరంతా ఇంటిపేరు గడిలోకి పోయి, అసలు పేరు ఉండాల్సిన చోట 'ఎఫ్ఎన్‌యూ' (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. అక్కడ బ్యాంకులో, డ్రైవింగ్ లైసెన్స్‌లో అదే వెంటాడుతుంది.

హాస్టల్లో ఉంటూ ఊరి చిరునామా రాస్తే, పోలీసులు వచ్చిన రోజు మీరు ఇంట్లో ఉండరు, రిపోర్ట్ వ్యతిరేకంగా వెళ్తుంది. సెలవుల ముందు అప్లై చేసి, ఆ వారాలు ఇంటిపట్టున ఉండండి.

## 3. మీ డిగ్రీ ఎన్నేళ్లది?

దేశం ఎంపిక ఇక్కడ మొదలవుతుంది. బీటెక్ నాలుగేళ్లు కాబట్టి దానితో ఇబ్బంది లేదు. ప్లస్ త్రీ చదివిన బీఎస్సీ, బీకామ్, బీఏ పిల్లలు జాగ్రత్త పడాలి. అమెరికాలో చాలా యూనివర్సిటీలు మాస్టర్స్‌కు నాలుగేళ్ల డిగ్రీ అడుగుతాయి. మూడేళ్లది ఒప్పుకునేవి కొన్ని ఉన్నాయి, వాటిని వెతికి పట్టుకోవాలి. బ్రిటన్ మాస్టర్స్‌కు మూడేళ్ల డిగ్రీ సరిపోతుంది. జర్మనీలో మీరు చదివిన సబ్జెక్టులు, క్రెడిట్లు చూసి కోర్సు కోర్సుకూ విడిగా తేలుస్తారు.

జర్మనీకి ఇంకో మెట్టు ఉంది. 2022 నవంబర్ నుంచి భారతీయ విద్యార్థులకు ఏపీఎస్ సర్టిఫికెట్ తప్పనిసరి, ఫీజు 18,000 రూపాయలు. మార్క్‌షీట్లన్నీ పరిశీలించి ఇచ్చే పత్రం అది. వీసా రోజుల్లో కాదు, అప్లికేషన్‌కు ముందే దీన్ని మొదలుపెట్టాలి.

## 4. డబ్బు లెక్క

ఫీజు ఒక్కటే చూసి లెక్క వేయడం పెద్ద తప్పు. బతకడానికి డబ్బుందని ముందే చూపించమని ఒక్కో దేశం ఒక్కో మొత్తం అడుగుతుంది:

- జర్మనీ: నెలకు కొంత మాత్రమే తీయనిచ్చే బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు
- బ్రిటన్: లండన్‌లో నెలకు 1,529 పౌండ్లు, బయట 1,171 పౌండ్లు, 9 నెలలకు, దీనితోపాటు కట్టాల్సిన ఫీజు కూడా
- కెనడా: మొదటి ఏడాది ఫీజు కాక 22,895 కెనడా డాలర్లు
- ఆస్ట్రేలియా: ఫీజు, ప్రయాణం కాక ఏడాదికి 29,710 ఆస్ట్రేలియా డాలర్లు
- అమెరికా: ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) మీద రాసిన మొదటి ఏడాది మొత్తం

ఈ అంకెలు మారుతుంటాయి. అప్లై చేసే వారంలో ఆ దేశపు ప్రభుత్వ సైట్‌లో మళ్లీ చూడండి, కన్సల్టెన్సీ కరపత్రంలో చూడకండి.

బ్రిటన్‌కు ఆ డబ్బు వరసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి. మధ్యలో ఒక్కరోజు వంద రూపాయలు తగ్గినా వీసా పోతుంది. అప్పు తెచ్చి వారం రోజులు వేసి తీసేద్దామని ఎవరైనా చెబితే వినకండి.

పార్ట్‌టైమ్ జీతంతో ఫీజు కట్టేయవచ్చు అనే మాట కూడా నమ్మకండి. చదువు రోజుల్లో బ్రిటన్‌లో వారానికి 20 గంటలు, కెనడాలో క్యాంపస్ బయట 24 గంటలు, ఆస్ట్రేలియాలో రెండు వారాలకు 48 గంటలు, అమెరికాలో క్యాంపస్ లోపలే 20 గంటలు. అది కూరగాయలకు, బస్సు చార్జీలకు వస్తుంది. ఫీజు లెక్కలోకి దాన్ని తీసుకురావద్దు.

## 5. లోన్, పట్టా: అసలు ఆలస్యం ఇక్కడే

బ్యాంకుల సంఘం నమూనా పథకం ప్రకారం 7.5 లక్షల వరకు ఆస్తి తాకట్టు అడగరు, అది దాటితే పెట్టాలి. విదేశీ చదువుకు 15 శాతం మీ చేతి డబ్బు ఉండాలి. కోర్సు కాలం, ఆపై ఒక ఏడాది గడువు ఇచ్చి, తర్వాత 15 ఏళ్ల లోపు తీర్చమంటారు. కొన్ని బ్యాంకులు పేరున్న యూనివర్సిటీలకు తాకట్టు లేకుండా కూడా ఇస్తాయి. మీ యూనివర్సిటీ ఆ జాబితాలో ఉందా అని బ్రాంచిలో మొదటే అడగండి.

తాకట్టుకు పొలం పనికిరాదు. బ్యాంకుకు ఇల్లు, ఇంటి స్థలం లేదా ఫిక్స్‌డ్ డిపాజిట్ కావాలి. మన దగ్గర చాలా ఇళ్లు ఊరి పక్క పొలంలో కట్టినవే. పట్టాలో కిసం (భూమి రకం) అని ఒక గడి ఉంటుంది, అక్కడ 'ఘరబారి' (ఇంటి స్థలం) అని ఉందా చూడండి. ఇంకా వ్యవసాయ భూమిగానే ఉంటే, భూసంస్కరణల చట్టం 8-ఎ కింద మార్చమని తహసీల్ ఆఫీసులో అర్జీ పెట్టాలి. భూలేఖ్ సైట్‌లో మీ పట్టాను ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు, ఈ రోజే చూడండి.

రాయగడ, కోరాపుట్, మల్కనగిరి, నబరంగపూర్ జిల్లాలు మొత్తంగా షెడ్యూల్డ్ ఏరియా. గజపతిలో కొంత భాగం. ఇక్కడ 1956 నాటి నిబంధన ప్రకారం గిరిజనుల భూమి గిరిజనేతరులకు బదిలీ కాకూడదు, అది న్యాయమైన నిబంధన. అందుకే బ్యాంకు లాయర్ మీ స్థలం ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో పాత దస్తావేజుల దాకా తవ్వుతాడు. మధ్యలో ఎక్కడైనా గిరిజన కుటుంబం పేరు కనిపిస్తే ఫైలు అక్కడే ఆగుతుంది. అలాంటి స్థలం మీదైతే దాని మీద ఆశ పెట్టుకుని నెలలు పోగొట్టుకోకండి, వేరే హామీ చూసుకోండి.

పట్టా తాతగారి పేరున ఉంటే వరస ఇది:

1. మరణ ధ్రువపత్రం, వారసుల ధ్రువపత్రం తీసుకోవాలి.
2. బాబాయిలు, మేనత్తలతో కూర్చుని పంపకం మాట రాసుకోవాలి. మేనత్తలను వదిలేయకండి, వాళ్లకూ హక్కుంది. తర్వాత సంతకం కోసం తిరగడం కంటే ముందే పిలవడం మర్యాద కూడా.
3. తహసీల్ ఆఫీసులో దాఖల్ ఖారిజ్ (పట్టాలో పేరు మార్పు) అర్జీ వేయాలి.
4. కొత్త పట్టా వచ్చాక, భూమి శిస్తు కట్టిన రసీదు, ఈసీ (ఆస్తి మీద అప్పులున్నాయా లేవా చూపే పత్రం) తీసుకోవాలి.

లోన్ ఆస్తి ఉన్న ఊరి బ్రాంచిలోనే అడగండి. విశాఖ బ్రాంచి లాయర్‌కు ఒడియా పట్టా చదవడం రాదు, అనువాదాలతో ఇంకో నెల పోతుంది.

ఇంకో మాట, కిరాణా కొట్టు, పత్తి వ్యాపారం చేసే ఇళ్ల కోసం. నాన్నకు రాబడి బాగానే ఉంటుంది, ఐటీ రిటర్న్ మాత్రం ఉండదు. బ్యాంకు సాధారణంగా రెండు మూడేళ్ల రిటర్న్‌లు అడుగుతుంది. పిల్ల డిగ్రీ మొదటి ఏడాదిలో ఉండగానే రిటర్న్ వేయడం మొదలుపెట్టండి.

లోన్ దగ్గర తరచూ జరిగే పొరపాట్లు:

- పీఎం విద్యాలక్ష్మి పథకం మీద ఆధారపడటం. అది మన దేశంలోని కాలేజీలకే, విదేశీ చదువుకు వర్తించదు.
- సొంత డబ్బు పంపుతూ టీసీఎస్ (పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను) మరిచిపోవడం. ఏడాదిలో 10 లక్షలు దాటితే పడుతుంది. బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్ సొమ్ముకు పడదు.
- లోన్ వడ్డీ మీద ఆదాయపు పన్ను మినహాయింపు ఉందని తెలియకపోవడం. 8 ఏళ్ల వరకు ఇస్తారు, పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే.

## 6. స్కాలర్‌షిప్: ఏ రాష్ట్రం వాళ్లం మనం?

ఆంధ్ర, తెలంగాణ ప్రభుత్వాలు విదేశీ విద్యకు ఇచ్చే సాయం ఆ రాష్ట్రాల స్థానికులకే. పార్వతీపురంలోనో పాతపట్నంలోనో ఉన్న మేనమామ ఇంటి చిరునామాతో కొత్త ఆధార్ తీద్దామని కొందరు చూస్తారు. దయచేసి ఆ పని చేయవద్దు. అక్కడ స్థానికత నిలవదు, ఇక్కడి కుల ధ్రువపత్రం, నివాస ధ్రువపత్రం కూడా ప్రశ్నార్థకం అవుతాయి.

మనకు పనికొచ్చేది కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్. ఎస్సీలు, సంచార జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ వృత్తికారుల పిల్లలకు ఏటా 125 స్థానాలు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు, వయసు 35 లోపు, 60 శాతం మార్కులు ఉండాలి. మాస్టర్స్, పీహెచ్‌డీకే ఇస్తారు. ఎస్టీ పిల్లలకు గిరిజన మంత్రిత్వ శాఖ వేరుగా 20 ఇస్తుంది. కుల ధ్రువపత్రం మీ తహసీల్దార్ ఇచ్చినదే కావాలి. ఆంధ్రలో ఒక వర్గంలో ఉన్న కులం ఒడిశా జాబితాలో ఇంకో వర్గంలో ఉండవచ్చు, అసలు లేకపోనూవచ్చు. చుట్టాల మాట మీద కాకుండా జాబితా చూసి నిర్ధారించుకోండి.

## 7. ట్రాన్స్‌క్రిప్ట్, సిఫార్సు ఉత్తరం, ఎస్‌ఓపీ

ట్రాన్స్‌క్రిప్ట్ (అన్ని సెమిస్టర్ల మార్కుల అధికారిక పత్రం) మీ కాలేజీ కాదు, దాని యూనివర్సిటీ ఇస్తుంది. బరంపురం యూనివర్సిటీ అయితే భంజవిహార్, బీపీయూటీ (బిజు పట్నాయక్ టెక్నాలజీ యూనివర్సిటీ) అయితే రవుర్కెలా. ఒకేసారి ఐదారు కాపీలు సీలు వేసిన కవర్లలో తీసుకోండి. బ్యాక్ పేపర్లు ఉంటే దాచకండి, ఎన్ని, ఎప్పుడు రాశారో ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

సిఫార్సు ఉత్తరం విషయంలో మన కాలేజీల్లో ఒక చిక్కుంది. మాస్టారికి సొంత జీమెయిలే ఉంటుంది, యూనివర్సిటీ కాలేజీ పేరున్న మెయిల్ అడుగుతుంది. ఆఫీసులో అడిగి ఆయనకు కాలేజీ మెయిల్ తీయించండి. ఇది ప్రిన్సిపాల్ ఒక్క సంతకంతో అయ్యే పని.

ఎస్‌ఓపీ (ఈ కోర్సు ఎందుకు కావాలో మీరు రాసే వ్యాసం) "చిన్నప్పటి నుంచి నాకు కంప్యూటర్లంటే ఇష్టం" అని మొదలైతే చదివేవాళ్లకు మీరెవరో తెలియదు. మెటలర్జీ చదివి థేరుబలి ఫెర్రో అల్లాయ్స్ ప్లాంటులో ట్రైనింగ్ చేసిన అబ్బాయి, ఫర్నేస్ దగ్గర ఏం చూశాడో, ఏ ప్రశ్న మనసులో ఉండిపోయిందో, ఆ ప్రశ్నకు ఈ కోర్సులో ఏ పేపర్ జవాబిస్తుందో రాస్తే చాలు. మన ఊళ్ల మధ్యే పేపర్ మిల్లు, అల్యూమినా రిఫైనరీ ఉన్నాయి. వాటిని వదిలేసి ఇంటర్నెట్‌లో దొరికిన వాక్యాలు పెట్టడం నాకు బాధగా ఉంటుంది.

## 8. ఇంగ్లిష్ పరీక్ష

ఐఈఎల్‌టీఎస్, టోఫెల్, పీటీఈ స్కోర్లు రెండేళ్లు చెల్లుతాయి. పరీక్ష హాల్లో గుర్తింపుగా పాస్‌పోర్టే చూపించండి, ఆధార్‌ను నమ్ముకోకండి. బుకింగ్‌లో పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉండాలి.

మన పిల్లలు ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, స్నేహితులతో కొంత హిందీ మాట్లాడతారు. ఇంగ్లిష్ రాయడం వస్తుంది, నోరు పెగలదు. ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్ రెండో భాగంలో ఒక నిమిషం ఆలోచించుకుని రెండు నిమిషాల దాకా మాట్లాడాలి. రోజూ ఒక అంశం తీసుకుని ఫోన్‌లో రికార్డ్ చేసి వినండి. మూడు నెలలు చేస్తే టెన్షన్ దానంతట అదే తగ్గుతుంది. కోచింగ్ కోసం విశాఖలో గది తీసుకోవాల్సిన పనిలేదు, పరీక్షకు వెళ్తే చాలు.

## 9. యూనివర్సిటీ అసలుదేనా?

ప్రభుత్వ జాబితాలో పేరు చూడండి: అమెరికాకు స్టడీ ఇన్ ది స్టేట్స్ సైట్, బ్రిటన్‌కు లైసెన్స్ ఉన్న స్పాన్సర్ల రిజిస్టర్, కెనడాకు డీఎల్ఐ జాబితా, ఆస్ట్రేలియాకు క్రైకోస్, జర్మనీకి అనాబిన్.

జాబితా ఒక్కటే చాలదు. 2019 జనవరిలో అమెరికాలో ఫార్మింగ్టన్ అనే బూటకపు యూనివర్సిటీలో చేరినందుకు 129 మంది భారతీయులు అరెస్టయ్యారు, వాళ్లలో తెలుగు పిల్లలు చాలామంది. దాన్ని నడిపింది అక్కడి ఇమిగ్రేషన్ అధికారులే. క్లాసులు లేవు, పాఠం చెప్పేవాళ్లు లేరు. కాబట్టి కోర్సు టైంటేబుల్, ప్రొఫెసర్ల పేజీలు, ఇప్పుడు చదువుతున్న ఇద్దరు విద్యార్థులు, ఈ మూడూ దొరికాకే ఫీజు కట్టండి.

అప్లికేషన్ లాగిన్, పాస్‌వర్డ్ మీ చేతిలోనే ఉండాలి. ఒక కన్సల్టెన్సీ మా మేనల్లుడి మెయిల్ వాళ్లే తెరిచి వాళ్లే చూసుకునేది. అడ్మిషన్ వచ్చిన సంగతి మాకు మూడు వారాల తర్వాత చెప్పారు.

డాక్టర్ చదువుకు వెళ్లేవాళ్లకు రెండు మాటలు. నీట్ అర్హత లేకుండా వెళ్తే తిరిగొచ్చి ఇక్కడ ప్రాక్టీస్ చేయలేరు. కోర్సు కనీసం 54 నెలలు, ఇంగ్లిష్ మాధ్యమంలో, ఆపై 12 నెలల ఇంటర్న్‌షిప్ అదే సంస్థలో ఉండాలి. ఇందులో ఏది తక్కువైనా ఎంత చవకైనా వద్దు.

## 10. వీసా

శ్రీకాకుళం చుట్టాల అబ్బాయి వీసా కోసం ఏ ఊరి ఆఫీసుకు వెళ్లాడో మీరూ అక్కడికే వెళ్లాలని లేదు. అమెరికా వీసాకు ఒడిశా హైదరాబాద్ కాన్సులేట్ పరిధిలోకే వస్తుంది. జర్మనీకి మాత్రం ఒడిశా కోల్‌కతా పరిధి.

- అమెరికా: వీసా ఫీజు 185 డాలర్లు, సెవిస్ (విదేశీ విద్యార్థుల నమోదు) ఫీజు 350 డాలర్లు. 2025 జూన్ నుంచి సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనిపించేలా పెట్టమంటున్నారు.
- బ్రిటన్: గుర్తింపు పొందిన క్లినిక్‌లో టీబీ పరీక్ష, సర్టిఫికెట్ 6 నెలలే చెల్లుతుంది.
- కెనడా: త్వరగా వీసా ఇచ్చే ఎస్‌డీఎస్ పద్ధతి 2024 నవంబర్‌లో ఎత్తేశారు. పాత వీడియోలు చూసి దాన్ని లెక్కలో పెట్టుకోకండి.

ఇంటర్వ్యూలో "ఈ యూనివర్సిటీ ఎందుకు, డబ్బు ఎవరు కడతారు" అని తప్పక అడుగుతారు. నాన్న కొట్టు ఏమిటో, ఏడాదికి ఎంత వస్తుందో, లోన్ ఎంతో పిల్లలకు అంకెలతో తెలిసి ఉండాలి. చాలా ఇళ్లలో ఆ లెక్క పిల్లలకు చెప్పరు. వారం ముందు కూర్చోబెట్టి చెప్పండి.

## 11. బయల్దేరే ముందు

అమెరికాకు ఐ-20లో ఉన్న మొదటి తేదీకి 30 రోజుల కంటే ముందు దిగనివ్వరు, టికెట్ అది చూసి తీయండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు, అడ్మిషన్ పత్రం, లోన్ మంజూరు లెటర్ చేతి సంచిలో పెట్టుకోండి, పెద్ద సూట్‌కేసులో వద్దు.

ఇంట్లో ఒక ఫైలు వదిలి వెళ్లండి. రెండో సెమిస్టర్ నుంచి ఫీజు విడుదల కావాలంటే బ్యాంకు ప్రతిసారీ మార్క్‌షీట్, ఫీజు ఇన్‌వాయిస్ అడుగుతుంది, బ్రాంచికి వెళ్లేది నాన్న. ఆ ఫైలులో ఇవి ఉండాలి:

- లోన్ ఖాతా నంబర్, మంజూరు లెటర్ కాపీ
- పాస్‌పోర్ట్, వీసా, అడ్మిషన్ పత్రం కాపీలు
- యూనివర్సిటీ బ్యాంకు వివరాలు, సెమిస్టర్ ఫీజు గడువు తేదీలు పెద్ద అక్షరాల్లో, తెలుగులో రాసిన కాగితం
- నాన్న పేరున పవర్ ఆఫ్ అటార్నీ, మీరు ఇక్కడ ఉండగానే సంతకం చేసి రిజిస్టర్ చేయించినది